వదినగారు పంపిన రాడ్‌తో జుట్టు కాలింది, ఇప్పుడేం చేయను?

రాజోలు వైపు పల్లె నుంచి పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరూ ఊరూ రాయొద్దన్నారు, రాయడం లేదు. శ్రావణమాసంలో పెళ్లి. ముహూర్తం రాత్రి పూట, వీళ్ల ఊళ్లోనే. మర్నాడు సాయంత్రం రిసెప్షన్ గోదావరి అవతల పాలకొల్లులో, అబ్బాయి వాళ్లింటి దగ్గర షామియానా వేసి చేస్తారట. కాబోయే ఆడపడుచు అమెరికాలో ఉంటారు. మరదలు రింగుల జుట్టుతో స్టేజీ మీద నిలబడాలని ఆవిడ సరదా. అందుకని తెలిసినవాళ్లు ఇండియా వస్తుంటే వాళ్లకిచ్చి ఒక కర్లింగ్ రాడ్ పంపించారు.

ఈ అమ్మాయి జుట్టు నడుము పైదాకా ఉంటుంది. రెండేళ్ల కిందట పార్లర్‌లో స్మూతనింగ్, అంటే రసాయనాలు పెట్టి జుట్టు నిటారుగా చేయడం, చేయించుకున్నారు. పోయిన దసరాల్లో డెంగ్యూ వచ్చింది, సంక్రాంతి నాటికి దువ్వెన పెడితే చాలు జుట్టు ఊడి వచ్చేది. ఇప్పుడు రాలడం తగ్గింది గానీ జడ సగానికి సగం పల్చబడింది. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు లేస్తున్నాయి. ఒక ఆదివారం తలంటుకుని, జుట్టు ఇంకా చెమ్మగా ఉండగానే, ఫోన్‌లో వీడియో చూస్తూ ఆ రాడ్ వాడి చూశారు. ప్లగ్గు మన సాకెట్‌లో పట్టకపోతే బజార్లో కన్వర్టర్ పిన్ను కొని తగిలించారు. కుడి చెవి పక్క పాయ చుట్టగానే సుయ్యిమని ఆవిరి, కమురు వాసన. రాడ్ తీసేసరికి జానెడు పాయ తెగి చేతిలోకి వచ్చింది.

చెత్తబుట్టలో ఆ వెంట్రుకలు చూసి వాళ్లమ్మగారు ఏడ్చారు. పెళ్లి ముందు జుట్టు కాలడం అపశకునమని, రెండు రోజులూ పూలజడేనని తేల్చి చెప్పారు. వదినగారేమో వీడియో కాల్ చేసినప్పుడల్లా ‘ట్రై చేశావా?’ అని అడుగుతున్నారు. అబ్బాయిని అడిగితే ‘నీ ఇష్టం’ అంటున్నారు. చెల్లెలిది ఒత్తయిన రింగుల జుట్టు. ‘నువ్వు వాడకపోతే నాకిచ్చెయ్ అక్కా’ అంటోంది. ‘నా జుట్టు అసలు రింగులకి పనికొస్తుందా? కొత్తది కొంటే ఎలాంటిది కొనాలి? వదినగారికి ఏం చెప్పాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు. రాడ్ మీద ‘120 వోల్ట్స్, 60 హెర్ట్జ్’ అని ఉందని కూడా రాశారు. అది రాయడం చాలా మేలైంది.

అమ్మా, మీ ఇంట్లో అందరూ మీ జుట్టునీ మీ చేతినీ తప్పుపట్టారు. నేను మొదట చూసేది ఆ 120 అంకెని. అమెరికాలో ఇళ్లకి వచ్చే కరెంటు 120 వోల్టులు. మనకి వచ్చేది 230. మీరు కొన్న కన్వర్టర్ పిన్ను ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని తగ్గించదు. 120కి చేసిన హీటర్‌ని 230కి కలిపితే అది లాగే పవర్, అంటే వాట్లు, మూడున్నర రెట్లకి పైగా పెరిగిపోతుంది. మీరు డయల్‌ని ఏ అంకె దగ్గర పెట్టినా రాడ్ ఎంతకి కాలిందో చెప్పలేం. చెయ్యి కాలకుండా, ఇంట్లో ఫ్యూజు ఎగరకుండా బయటపడ్డారు, నాకు అదే పెద్ద ఊరట. దేశం దాటి వచ్చే ఇలాంటి వస్తువు మీద ‘100–240 వోల్ట్స్’ అనో ‘220–240 వోల్ట్స్’ అనో ఉంటేనే మన సాకెట్‌లో పెట్టాలి.

రెండో కారణం తడి. జుట్టు పైకి ఆరినట్టు కనిపించినా వెంట్రుక లోపల నీరు ఉంటుంది. దాన్ని వేడి రాడ్‌కి చుడితే ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరవుతుంది, బయటికి దారి లేక వెంట్రుక లోపలే బుడగలు కడుతుంది. బుడగ ఉన్న చోట వెంట్రుక గుల్లబారి తెగిపోతుంది. మీరు విన్న సుయ్యిమన్న చప్పుడు అదే. రాడ్ మంచిదైనా, వేడి తక్కువైనా తడి జుట్టుకి ఈ ప్రమాదం ఉంటుంది. కాబట్టి మీ జుట్టు ఎందుకూ పనికిరాదని ఆ ఒక్క ఆదివారాన్ని బట్టి అనుకోకండి.

అలాగని మీ జుట్టు పూర్తి ఆరోగ్యంగా ఉందనీ అనను. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి జుట్టు విపరీతంగా రాలడం మామూలే. ఆరు నెలలు తిరిగేసరికి చాలామందికి అది తగ్గి కొత్త జుట్టు మొలుస్తుంది. మీ నుదుటి దగ్గర లేస్తున్న పొట్టి వెంట్రుకలు ఆ కొత్త జుట్టే. వాటిని రాడ్‌తో అణచాలని మాత్రం చూడకండి. రాలడం మళ్లీ పెరిగితే చర్మవైద్యుల్ని కలిసి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. తెగిన పాయని ఏ నూనే, ఏ సీరమూ అతికించలేదు. చివర్లు సమంగా కత్తిరించుకోండి. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది, పెళ్లినాటికి ఆ పాయ చెవి వెనక్కి దోపుకునేంత అవుతుంది.

స్మూతనింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది. వెంట్రుకలో ఉండే ప్రొటీన్ కెరాటిన్. దాని పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. నీళ్లు తగిలినా వేడి తగిలినా విడిపోతాయి, ఆరి చల్లబడేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కలుస్తాయి. కర్లింగ్ రాడ్ చేసే పనంతా వీటితోనే. గంధకంతో ఏర్పడ్డ బంధాలు గట్టివి, వాటిని మామూలు రాడ్ వేడి కదపలేదు. స్మూతనింగ్‌లో రసాయనాలు పెట్టి విప్పింది ఆ గట్టి బంధాలనే, విప్పి నిటారుగా మళ్లీ కట్టారు. అందుకే మీ జుట్టు రింగు తిరిగినా త్వరగా సాగిపోయి నిటారుగా దిగుతుంది. పైగా శ్రావణం! మన లంకల్లో, కాలవల పక్కన సాయంత్రం గాలిలో ఎంత చెమ్మ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చెమ్మే హైడ్రోజన్ బంధాల్ని మళ్లీ విప్పేస్తుంది. ఏసీ హాల్లో నాలుగు గంటలు నిలిచే రింగు షామియానా కింద అంతసేపు నిలవదు.

ఇంత రాసినా మీరు ఒక మాట రాయలేదు. అమ్మకి పూలజడ కావాలి, వదినగారికి రింగులు కావాలి. మరి మీకు? ఎవరూ బలవంతం చేయకుండానే ఆదివారం పూట కూర్చుని చుట్టి చూసుకున్నారంటే కొంత సరదా మీకూ ఉందనే నా నమ్మకం. ఆ సరదా ఎంతో ముందు మీరు తేల్చుకుంటే కింద చెప్పే దారుల్లో మీది ఏదో మీకే తెలుస్తుంది.

రెండు రోజులూ పూలజడ వేసుకోవచ్చు. జుట్టుకి ఏ ఇబ్బందీ లేదు, అమ్మగారి మనసు కుదుటపడుతుంది. జడ పల్చగా ఉన్నా సవరం కలిపి పూలు కుట్టేస్తే ఎవరికీ తెలియదు. కానీ మీకు నిజంగా రింగులు ఇష్టమైతే, రేపు ఫొటోలు చూసుకున్నప్పుడల్లా అమ్మ వద్దన్నందుకు మానేశానన్న వెలితి ఉండిపోవచ్చు.

రెండో దారి, ముహూర్తానికి పూలజడ, రిసెప్షన్‌కి సగం జుట్టు పైకి తీసి పిన్నులు పెట్టి, కింద వదిలిన జుట్టుకి చివరి జానెడు మాత్రమే రింగులు. పార్లర్ వాళ్లని అడిగితే ఇది చాలా తేలిక పని. నుదుటి దగ్గర కొత్త జుట్టుకి వేడి తగలదు, తెగిన పాయ పిన్నుల కింద దాగిపోతుంది. రింగు కాస్త సాగినా అలలా కనిపిస్తుందే తప్ప పాడైనట్టు ఉండదు. నా మొగ్గు దీనివైపే.

మూడోది చాలామందికి తట్టదు. రింగులు మీ జుట్టుకి తిప్పకుండా సవరానికి తిప్పించండి. అసలు జుట్టుతో చేసిన సవరమైతే రాడ్ వేడిని తట్టుకుంటుంది, ముందురోజే తీరిగ్గా తిప్పి పెట్టుకోవచ్చు. సింథటిక్ సవరానికి రాడ్ పెడితే కరిగి అంటుకుపోతుంది. తేడా తెలియాలంటే ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. అసలు జుట్టు కమురు వాసన వేసి పొడిగా రాలుతుంది, సింథటిక్ పోగు ముడుచుకుని గట్టి పూసలా అవుతుంది. ఈ దారిలో ఖర్చు ఎక్కువ, సవరం రంగు మీ జుట్టుతో కలిసేలా వెతుక్కోవాలి.

తల మొత్తం కుదుళ్ల నుంచి రింగులు తిప్పించుకోవడం కూడా ఒక దారే. పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి నిష్ఠూరంగానే చెబుతాను, ఈ ఏడాది మీకు అది వద్దు. స్మూతనింగ్ జుట్టు నిలవడం లేదని వేడి పెంచుతారు, ఒకే పాయని రెండోసారి, మూడోసారి చుడతారు. ఆ రాత్రికి బాగానే ఉంటుంది, తర్వాత చివర్లు చిట్లి పీచులా తయారవుతాయి.

ఇక రాడ్ కొనడం. ఇంట్లో అవసరం లేకపోతే కొనకండి, రిసెప్షన్‌కి పార్లర్ వాళ్ల దగ్గర ఉంటుంది. కొంటే మాత్రం డిగ్రీల్లో వేడి పెట్టుకునే వీలు ఉన్నదే తీసుకోండి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న చౌక రాడ్లు ఒత్తు జుట్టువాళ్లకైనా నేను చెప్పను. మీలాంటి పల్చని, రసాయనాలు తగిలిన జుట్టుకి 140 నుంచి 160 డిగ్రీల మధ్య చాలు. మామూలు జుట్టుకి 160–180. బిరుసైన ఒత్తు జుట్టుకి 180–200. ఆ పైన ఎవరికీ అక్కర్లేదు, డబ్బా మీద 230 అని గొప్పగా రాసి ఉన్నా సరే. పల్చని జుట్టుకి సెరామిక్ పూత ఉన్నది మేలు, వేడి అన్నిచోట్లా సమంగా పాకుతుంది. టైటానియం రాడ్ చప్పున కాగుతుంది, మందపాటి జుట్టుకి అది పనికొస్తుంది. కొనేటప్పుడు గొట్టం మీద వేలితో నిమిరి చూడండి, పూత ఎక్కడైనా లేచి ఉంటే వెంట్రుకలు అక్కడ పట్టుకుని తెగుతాయి.

గొట్టం లావు కూడా ముఖ్యమే. 19 మిల్లీమీటర్లది చిన్న బిగుతు రింగులకి, 25ది మధ్యరకానికి, 32ది వదులైన రింగులకి, 38ది పొడుగు జుట్టులో అలలకి. మీకు వదులు రింగులే కావాలనుకోండి, అయినా 25ది తీసుకోండి. షామియానాలో గంట గడిచేసరికి అవి సాగి 32తో తిప్పినట్టు అవుతాయి. మొదటే 32తో తిప్పితే అప్పటికి ఏమీ మిగలదు. జుట్టుని పట్టుకునే క్లిప్పు ఉన్నది కొత్తవాళ్లకి సులువు. క్లిప్పు లేనిది చేతికి గ్లవ్ వేసుకుని వాడాలి.

మీ పెళ్లి వరసలో ఒక చిక్కుంది, పార్లర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. మంగళస్నానానికి తలకి నూనె పెడతారు. రాత్రి ముహూర్తానికి జీలకర్ర బెల్లం సరిగ్గా నడినెత్తిన పెడతారు, ఆ పైన తలంబ్రాల పసుపు. ఆ బెల్లం పాకంలా దిగి వెంట్రుకలకి అంటుకుని ఎండిపోతుంది. దాని మీద రాడ్ పెడితే బెల్లం మాడి గొట్టానికి పట్టేస్తుంది, జుట్టునీ లాగేస్తుంది. నూనె ఉన్నా అంతే, పొగలు వస్తాయి. కాబట్టి పాలకొల్లు బయల్దేరే రోజు పొద్దున్నే తలంటు తప్పదు. కుంకుడుకాయ రసంతో రుద్దుకున్నా సరే, పిప్పి ఏమాత్రం మిగలకుండా చివరికి షాంపూతో ఒకసారి కడగండి. వానాకాలంలో పొడుగు జుట్టు ఆరడానికి పూట పడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి వేళ్లు పెట్టి చూస్తే మెడ వెనక కూడా పొడిగా తగలాలి. డ్రయ్యర్ వాడాల్సి వస్తే ఇన్వర్టర్ మీద వేయకండి, కర్లింగ్ రాడ్ కన్నా అది ఎన్నో రెట్లు కరెంటు తింటుంది.

తిప్పేటప్పుడు హీట్ ప్రొటెక్షన్ స్ప్రే పల్చగా కొట్టి, అది ఆరాక, వేలి మందం పాయ తీసుకుని చిక్కు లేకుండా దువ్వాలి. రాడ్ చర్మానికి తగలకుండా దూరంగా పట్టుకుని ఒక్కసారి చుట్టి ఎనిమిది, పది సెకన్లు ఉంచితే చాలు. తీశాక ఆ రింగుని అలాగే అరచేతిలో పట్టుకుని, చుట్టగా పిన్ను పెట్టి చల్లారనివ్వాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. వేడిగా ఉండగానే దువ్వెనో వేళ్లో పెట్టేస్తారు. రింగు గట్టిపడేది చల్లారేటప్పుడు, అప్పుడు కదిపితే రాడ్ పెట్టిన కష్టమంతా పోయినట్టే. పూలు కూడా గుర్తుపెట్టుకోండి. తడి గుడ్డలో, అరటాకులో చుట్టి తెచ్చిన సన్నజాజుల దండ నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. విదిలించి, ఫ్యాన్ కింద పది నిమిషాలు ఉంచాకే పెట్టించుకోండి, లేకపోతే దండ కింద ఉన్న రింగులన్నీ విడిపోతాయి. హెయిర్ స్ప్రే త్వరగా అంటుకునే వస్తువు, హారతి పళ్లెం వచ్చే వేళకి అది పూర్తిగా ఆరిపోయి ఉండాలి.

పెళ్లికి రెండు వారాల ముందు ఒక సాయంత్రం, వెనక నుంచి రెండు పాయలకి మాత్రమే రింగులు తిప్పించుకుని మీ వీధి అరుగు మీద మూడు గంటలు కూర్చోండి. మిగిలింది చూసుకుంటే రిసెప్షన్‌లో ఎలా ఉంటుందో తెలుస్తుంది. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడ చూసింది చెత్తబుట్టలో కాలిన జుట్టుని మాత్రమే. జాగ్రత్తగా చేస్తే ఎలా ఉంటుందో ఆవిడ ఇంకా చూడలేదు. అపశకునం అన్న మాట వెనక ఉన్న భయం, డెంగ్యూ నుంచి లేచిన కూతురికి మళ్లీ ఏమవుతుందోనని. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. పూలజడ మాత్రం ముహూర్తానికి ఆవిడ ఇష్టప్రకారమే జరగనివ్వండి.

వదినగారి దగ్గర ఏమీ చెప్పకుండా నెట్టుకురావచ్చని ఉంది కదూ? అలా చేస్తే ఆవిడ పెళ్లికి వారం ముందు దిగి, ‘ఏదీ ఆ రాడ్, నేను పెడతా’ అని స్వయంగా సాకెట్‌లో పెట్టే ప్రమాదం ఉంది. అబ్బాయి చేత చెప్పించవచ్చు. మగపిల్లలు ఇలాంటివి ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ‘తనకి నచ్చలేదంట అక్కా’ అన్నారంటే ఆ మాట చాలాకాలం ఉండిపోతుంది. అమ్మగారు ఫోన్ చేస్తే అది రెండు కుటుంబాల మధ్య మాట అయిపోతుంది. మీరే చెప్పడం కాస్త కష్టమే, కానీ అన్నిటికన్నా తేలిగ్గా తీరేది అదే. ఇలా మాట్లాడి చూడండి: ‘వదినగారూ, మీరు పంపిన రాడ్ 120 వోల్టులది, మన కరెంటుకి వేడెక్కిపోతోంది. జ్వరం తర్వాత నా జుట్టు కూడా పల్చబడింది, పెద్ద వేడి పనికిరాదు. రిసెప్షన్‌కి కింది జుట్టుకి రింగులు తిప్పించుకుందామనుకుంటున్నాను. పైన ఎలా దువ్వితే బాగుంటుందో మీరొచ్చాక చెబుదురుగాని.’ కానుక బాగోలేదని ఇందులో ఎక్కడా లేదు, ఆవిడ సరదాకి చోటు కూడా ఉంది. తగ్గిన జుట్టు సంగతి ఇప్పుడే చెప్పేస్తే రేపు మండపంలో ఎవరో చెవిలో ఊదే పనీ ఉండదు. దానికీ ఆవిడ మొహం ముడుచుకుంటే కొద్దిరోజులు ఓపిక పట్టండి, అంతకన్నా మీరు చేయాల్సింది లేదు.

ఆ రాడ్‌కి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే 230 వోల్టుల్ని 120కి తగ్గించే పెట్టె, కొని వాడొచ్చని ఎవరైనా చెబుతారు. కొత్త రాడ్ అయితే అది సరైన సలహానే. ఒకసారి 230 మీద కాగిన రాడ్ లోపల ఏం దెబ్బతిందో పైకి కనపడదు, అందుకని దీన్ని నేను మళ్లీ ఆన్ చేయనివ్వను. చెల్లికి కూడా ఇవ్వకండి. తనకి సొంతంగా ఉన్న రింగులకి దగ్గరగా ఉండే 25 లేదా 32 గొట్టం, 180 డిగ్రీలు సరిపోతాయి. ముందు స్ట్రెయిట్‌నర్‌తో సాఫు చేసి తర్వాత మళ్లీ రింగులు తిప్పే పద్ధతి ఒకటి నడుస్తోంది. అలా చేయిస్తే ఒకే జుట్టుకి రెండుసార్లు వేడి, తన జుట్టుకి అది అనవసరం. పొడి జుట్టుని వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, పైకి కనిపించే పాయలు మాత్రం తిప్పుకుంటే చాలు, లోపలిది సొంత రింగులే నింపేస్తాయి. ఎవరికైనా రాడ్ చెవికో మెడకో తగిలితే పేస్టూ సిరా పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. బొబ్బ పెద్దదైతే డాక్టర్‌కి చూపించండి.